ఎన్‌ఐసీ కోడ్‌తో పోటీ కంపెనీలను వెతకొచ్చా?

రైస్ మిల్లు పెట్టేముందు ఈ లైన్లో ఎవరెవరున్నారో ఎన్‌ఐసీ కోడ్‌తో (జాతీయ పరిశ్రమల వర్గీకరణలో ఒక్కో వ్యాపారానికి ఇచ్చే సంఖ్య) తెలుస్తుందా అని అడిగారు. కొంతవరకు తెలుస్తుంది. 2008 వర్గీకరణలో 10 అంటే ఆహార ఉత్పత్తుల తయారీ, 10612 అంటే బియ్యం మిల్లు, 10613 పప్పు మిల్లు. అంకెలు పెరిగేకొద్దీ జల్లెడ సన్నమవుతుంది.

ఏ కంపెనీ సీఐఎన్ (రిజిస్టరైన కంపెనీకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) అయినా చూడండి: మొదటి అక్షరం తర్వాతి 5 అంకెలు పరిశ్రమ కోడే. ఆపైన ఏపీ, టీజీ లాంటి రాష్ట్రం అక్షరాలు, రిజిస్టరైన ఏడాది.

కానీ గుడ్డిగా నమ్మకండి. 2004 వర్గీకరణలో ఇదే బియ్యం మిల్లు 15312. పాత కంపెనీల కోసం దాంతోనూ వెతకాలి. పైగా రిజిస్ట్రేషన్ నాటి కోడ్ అలాగే ఉండిపోయి, వ్యాపారం ఎప్పుడో మారిపోయి ఉండొచ్చు. అన్నిటికంటే పెద్ద చిక్కు, సొంత పేరు మీదో భాగస్వామ్యంలోనో నడిచే మిల్లులకు సీఐఎన్ అసలుండదు.