పెళ్లాం మాట విని చెడిపోయాడా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకం వాళ్లకు పాఠం. మాక్‌బెత్ మంచి వీరుడే, దారిలో ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై రాజువవుతావని ఆశపెట్టారు, ఇంటికొస్తే భార్య ఎగదోసింది, అందుకే డంకన్ రాజును చంపాడు, పాపమంతా వాళ్లదే అని నేనన్నాను. అది ఒప్పుకోదు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఈ నాటకం చాలా ఏళ్లు క్లాసులో చెప్పాను. ఏటా ఎవరో ఒకరు మీ మాటే అనేవారు. అప్పుడు మొదటి అంకం మూడో రంగం మళ్లీ తీయించేవాణ్ని. రాజువవుతావని వినగానే మాక్‌బెత్ ఉలిక్కిపడతాడు. పక్కనున్న తోటి సేనాని బాంకో అది చూసి, ఇంత మంచి మాటకు భయపడతావేమిటని అడుగుతాడు. తీపి కబురుకు మనిషి ఉలిక్కిపడ్డాడంటే లోపల ఏదో మెదిలిందన్నమాటే. డంకన్‌ను చంపమని ఆ ముగ్గురిలో ఒక్కరూ అనలేదు.

బాంకోకీ జోస్యం చెప్పారు కదా, నీ సంతతి రాజులవుతారని. అతనికీ ఆశ పుట్టింది. రాత్రి నిద్రలో పాడు ఆలోచనలు రాకుండా చూడమని దేవతలను వేడుకుంటాడు. షేక్‌స్పియర్ కథ తీసుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో బాంకో కూడా హత్యలో భాగస్తుడే. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లండ్ రాజు జేమ్స్, బాంకో తన పూర్వీకుడని నమ్మేవాడు, అందుకే మార్చారంటారు. కారణమేదైనా నాటకానికి మేలే జరిగింది. ఒకే మాట విన్న ఇద్దరు మన కళ్లముందున్నారు.

ఇక భార్య. ఆవిడ ఒత్తిడి తక్కువేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఏడో రంగం నిదానంగా చదవండి. ఆవిడ రాకముందే మాక్‌బెత్ తనలో తాను లెక్క వేసుకుంటాడు: డంకన్ నాకు బంధువు, నా రాజు, పైగా ఈ రాత్రి నా ఇంటి అతిథి. హంతకుడు రాకుండా తలుపు వేయాల్సిన నేనే కత్తి పట్టడమా? ఈ పని ఇక వద్దని భార్యతో అంటాడు కూడా. ఆవిడ ఏం చేసింది? నువ్వు మగాడివేనా అని దెప్పింది. అతని కారణాల్లో ఒక్కదానికీ జవాబు చెప్పలేదు, ఎందుకంటే అతను వాటిని ఆమె ముందు పెట్టనేలేదు! చివరికి అతను అడిగింది ‘ఇది తప్పు కదా’ అని కాదు, ‘మనం విఫలమైతే?’ అని. నా లెక్కలో డంకన్ ప్రాణం పోయింది ఆ ప్రశ్న దగ్గరే.

తర్వాత బాంకోను చంపించేటప్పుడు భార్యకు చెప్పనే లేదు. పని అయ్యేదాకా నీకు తెలియకపోవడమే మంచిదన్నాడు. నాలుగో అంకంలో మంత్రగత్తెలను వెతుక్కుంటూ తానే వెళ్లాడు. జంకకుండా రక్తం పారించమని అక్కడ ఒక ఆకారం చెప్పిన మాట నిజమే. కానీ ఫైఫ్ ప్రభువు మాక్‌డఫ్ భార్యనూ పిల్లలనూ చంపించమని ఎవరడిగారు?

ఆవిడ తప్పు ఆవిడకుంది. నెత్తుటి కత్తులు తిరిగి గదిలో పెట్టొచ్చింది, నిద్రపోతున్న కాపలావాళ్లకు రక్తం పూసింది. అయిదో అంకంలో నిద్రలో నడుస్తూ, లేని మరకను చేతి మీంచి రుద్దుకుంటూ ఉంటుంది. ఆ రంగం మీ అమ్మాయితో పైకి చదివించుకుని వినండి. మాక్‌డఫ్ భార్య హత్యలో ఆవిడ చేయి లేదు. అయినా ఆ నిద్రలోనే అడుగుతుంది: ‘ఫైఫ్ ప్రభువుకు ఒక భార్య ఉండేది. ఇప్పుడెక్కడుంది?’