ఆపరేషన్ అయిన చోట కుందేలుకి నల్లబొచ్చు వచ్చింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: కొత్తపేట దగ్గర మాది కొబ్బరితోట. మా అమ్మాయి పెంచుకుంటున్న కుందేలు ఒళ్ళంతా తెలుపు, చెవులు, ముక్కు, కాళ్ళు, తోక మాత్రం నలుపు. మూడేళ్ళ ఆడది. డిసెంబర్లో కుడి డొక్క మీద గడ్డ లేస్తే ఆపరేషన్ చేయించాం, అరచెయ్యంత మేర బొచ్చు గొరిగేశారు. కుట్లు మానిపోయాయి గానీ అక్కడ కొత్తగా వచ్చిన బొచ్చు బొగ్గులా నల్లగా ఉంది. మందు పడలేదని ఒకరు, లోపల విషం దిగిందని ఒకరు అంటున్నారు. పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం. తిండి బానే తింటోంది. పాప రోజూ ఏడుస్తోంది. మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలా?

సమాధానం: ముందు మీ పాపకి చెప్పండి, ఆ నల్లబొచ్చు వల్ల కుందేలుకి నొప్పీ లేదు, జబ్బూ లేదు. విషం దిగలేదు, మందు తేడా కొట్టలేదు, ఆపరేషన్ చేసిన డాక్టరు గారి తప్పు కూడా ఏం లేదండి. మీరు రాసిన రంగుని బట్టి అది కాలిఫోర్నియనో, హిమాలయనో, వాటి క్రాసో అయ్యుంటుంది, ఈ రకాల్లో గొరిగిన చోట నల్లబొచ్చు మొలవడం మామూలే, అందులోనూ మీరు చేయించింది చలికాలంలో.

ఎందుకంటే వెంట్రుకకి నలుపు పట్టాలంటే చర్మంలో టైరోసినేజ్ అనే ఎంజైము పనిచెయ్యాలి, మీ కుందేలు రకానికి పుట్టుకతోనే ఆ ఎంజైము వేడికి ఆగదు, చల్లగా ఉన్నచోట మాత్రమే పనిచేస్తుంది. కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 39.5 డిగ్రీల దాకా ఉంటుంది, వీపూ డొక్కలూ ఒత్తు బొచ్చు కింద వెచ్చగా ఉంటాయి కాబట్టి అక్కడ రంగు తయారవదు, తెల్లగా ఉండిపోతుంది. చెవులు పల్చన, గాలికి చల్లబడిపోతాయి, ముక్కు కొస, పాదాలు, తోక కూడా అంతే, నలుపంతా అక్కడే. పొద్దున్నే ఒకసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక చెయ్యి చెవి కొస మీద వెయ్యండి, రెండో చేతి వేళ్ళు ఎడమ డొక్క బొచ్చులోకి పోనివ్వండి, తేడా మీ చేతికే తెలుస్తుంది. ఈ రకం పిల్లలు పుట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి, తల్లి గూడు వదిలి బయట తిరగడం మొదలెట్టాకే ముక్కుకీ చెవులకీ మసి పూసినట్టు నలుపెక్కుతుంది.

ఇక డొక్క గొరగడమంటే చలిలో కంబళి లాగేసినట్టే కదండి. ధనుర్మాసం, కాలవగట్టు మీద ఎదురొచ్చే మనిషి కనపడనంత మంచు, పైగా మన ఇళ్ళల్లో కుందేలుని వదిలేది వరండా గచ్చు మీదే. కొత్త వెంట్రుక మొలిచే రోజుల్లో ఆ చర్మం చల్లగా ఉంది, నలుపు పట్టింది, అంతే. హిమాలయన్ కుందేలు వీపు గొరిగి అక్కడ ఐస్ ప్యాక్ కట్టి ఉంచితే నల్లబొచ్చే మొలుస్తుంది, ఈ ప్రయోగం జన్యుశాస్త్రం పాఠాల్లో ఇప్పటికీ చెప్తారు. సియామీస్ పిల్లుల్లో కూడా ఇదే సంగతి.

ఒకసారి మొలిచిన వెంట్రుక రంగు మార్చుకోదు, అది రాలి ఇంకోటి రావాల్సిందే. కుందేళ్ళు ఏడాదికి రెండుసార్లు బాగా బొచ్చు రాలుస్తాయి, మధ్యలో కొంచెం కొంచెంగా రాలుస్తూనే ఉంటాయి. వచ్చేది ఎండాకాలం కాబట్టి ఈసారి మొలిచేది తెల్లగానే వస్తుంది, కాకపోతే ఒక్కసారే కాదు, మచ్చలు మచ్చలుగా మారుతుంది, అప్పుడు మళ్ళీ కంగారు పడకండి. నల్లమచ్చని వేళ్ళతో విడదీసి మొదళ్ళు చూడండి, కొన్ని వెంట్రుకలకి కొస నలుపు, మొదలు తెలుపు కనపడొచ్చు, బొచ్చు పెరిగి చర్మం వెచ్చబడ్డాక వచ్చిన భాగం అది. తొందరపడి పీకడం, మళ్ళీ గొరిగించడం మాత్రం వద్దండి, కుందేలు చర్మం చాలా పల్చన, ఇట్టే చిరుగుతుంది.

పసుపూ నూనే ఇవాళ్టితో ఆపెయ్యండి. కుందేలు రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది, రాసిందంతా కడుపులోకే పోతుంది, బొచ్చు కూడా అట్టలు కడుతుంది. రాగి లోపం వల్ల నల్ల పశువుల బొచ్చు ఎర్రబడటం ఉంది, అది వేరే సంగతి, దీనికి మినరల్ మిక్స్చర్ అక్కర్లేదు.

గోధుమరంగు కుందేళ్ళు ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. వాటి బొచ్చు మీద మెల్లగా ఊదితే పువ్వులా విచ్చుకుని వలయాలు కనపడతాయి, అడుగున బూడిద, మధ్యలో పసుపు గోధుమ, కొసన నలుపు. మిషనుతో పైపైన కత్తిరిస్తే అడుగు బూడిదరంగు బయటపడుతుంది, అదీ జబ్బు కాదు. గాయం లోతుగా తగిలి రంగు కణాలు పోతే మాత్రం తెల్ల వెంట్రుకలు వస్తాయి, గుర్రాలకి జీను ఒరుసుకున్న చోట తెల్లమచ్చ వచ్చినట్టు, అది అలాగే ఉండిపోతుంది.

బొచ్చు సంగతి వదిలెయ్యండి, నాకు బెంగంతా ఆ గడ్డ గురించి. అది చీముగడ్డో, కణితో మీరు రాయలేదు. మూడేళ్ళు దాటిన ఆడ కుందేళ్ళలో గర్భసంచి తీయకపోతే అక్కడ క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ, రొమ్ము గడ్డలు కూడా వస్తాయి. తీసిన గడ్డని ల్యాబ్‌కి పంపారా, రిపోర్టులో ఏముంది అని డాక్టరు గారిని అడగండి, గర్భసంచి తీయించే విషయం కూడా మాట్లాడండి. మూత్రంలో రక్తం కనపడినా, కుట్ల కింద మళ్ళీ గట్టిగా తగిలినా, చీము, వాసన ఉన్నా, చర్మం మందంగా అయ్యి పొక్కులు కట్టినా వెంటనే తీసుకెళ్ళండి. పెంటికలు చిన్నవైపోయినా, పూటంతా మేత ముట్టకపోయినా అసలు ఆగొద్దు, కుందేలు పేగు ఆగిపోతే ఒక్క రోజులో ప్రాణం మీదకి వస్తుంది. దిక్కు తోచకపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యండి.

ఇంకో రెండు జాగ్రత్తలు, ఇవి ప్రతి కుందేలు ఇంట్లోనూ తెలియాలి. మనుషులకి వాడే అమోక్సిసిలిన్ నోట్లో వెయ్యకండి, పేగులో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి విరేచనాలతో పోతుంది. పేలకీ గోమార్లకీ కుక్కల మీద కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా దీనికి విషమే, వరిలో కాండం తొలుచు పురుగుకి మీరు గుళికలుగా చల్లేది ఆ మందే.

ఎండలొస్తున్నాయి కాబట్టి చివరిగా ఒకటి. మన ఉక్కకి కుందేలు తట్టుకోలేదు, దానికి చెమట పట్టదు, చాలామంది నీళ్ళ బాటిల్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి గూట్లో పెడతారు, మీరూ పెట్టండి, మంచి పనే. కాకపోతే దానికి గోనెగుడ్డ చుట్టి గూటికి ఒక మూల పెట్టండి, బొచ్చు రాలి కొత్తది మొలిచే రోజుల్లో ఆ డొక్క బాటిల్‌కి ఆనించి పడుకుందంటే అక్కడ మళ్ళీ నల్లదే మొలుస్తుంది.