పాత గుమ్మం, తాళాల గుత్తి

ప్రశ్న: మా అత్తవారిది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేయాలని నిర్ణయించారు. వీధి గుమ్మానికి పై కమ్మి మీద గజలక్ష్మిని చెక్కిన జంట తలుపులున్నాయి. పాత సామాన్ల వర్తకుడు ఒకరు మంచి ధర ఇస్తానంటున్నారు. గడప పెకలిస్తే అరిష్టమని అత్తగారు, తలుపులను హాల్లో గోడకు బిగిద్దామని మావారు అంటున్నారు. వీటితోపాటు ఏ తాళాలవో తెలియని పద్నాలుగు చెవుల గుత్తి ఒకటి దొరికింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట చూద్దాం. ఊరి పెద్దతనాన్ని మనం గడపలతో లెక్కపెడతాం; మూడువందల గడపల ఊరు అంటాం. అలిగిన మనిషి "నీ గడప తొక్కను" అని వెళ్లిపోతాడు. ఇంటి లోపలా వెలుపలా కాని చోటు కనుకనే నరసింహస్వామి హిరణ్యకశిపుణ్ణి గడప మీద సంహరించాడని పురాణం చెబుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తన చేత్తో పసుపు రాసి ముగ్గు పెట్టిన గడపను పరాయివాడెవరో బండెక్కించుకుపోవడం ఆవిడకు కష్టంగా ఉంటుంది. ఆ కష్టానికే అరిష్టమని పేరు పెట్టారని నేను అనుకుంటున్నాను.

మీవారి ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. ఒకసారి సాయంత్రపు ఎండలో ఆ తలుపును దగ్గరగా చూడండి. గొళ్లెం ఊగి ఊగి చెక్క మీద అర్ధచంద్రాకారంలో గీసిన గాడి కనిపిస్తుంది. రెక్కను తోసే చోట చేతి జిడ్డుకు చెక్క నల్లబడి నున్నగా ఉంటుంది. గడప నడిమి భాగం కాళ్లకు అరిగి కాస్త పల్లమై ఉంటుంది. ఆ అందమంతా తెరవడం వల్ల, మూయడం వల్ల వచ్చింది. గోడకు బిగించిన నాటి నుంచి అది దుమ్ము దులపవలసిన మరో వస్తువు అవుతుంది, పైగా వెనకవైపు చెద పట్టినా ఎవరికీ తెలియదు. రోజూ తెరిచే తలుపు బిగుసుకున్నా కిర్రుమన్నా ఆ పూటే తెలుస్తుంది. 1713లో శంకుస్థాపన జరిగిన విజయనగరం కోటలో ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి. ఆ కోట ప్రధాన ద్వారమైన నగరఖానా మనకు ఇంకా సొంతంగా అనిపించడానికి దాని కిందుగా జనం రాకపోకలు సాగించడం కూడా ఒక కారణమే.

కాబట్టి అమ్మవద్దు, గోడకూ ఎక్కించవద్దు. కొత్త ఇంటికే గుమ్మంగా నిలబెట్టండి. పాత గుమ్మాలు పొట్టివి, తల వంచి నడవవలసి వస్తుంది. వీధి వైపు కుదరకపోతే దేవుడి గదికో పెరటికో పెట్టుకోవచ్చు. గోడ పడగొట్టక ముందే ద్వారబంధాన్ని, గడపను, రెక్కలను కలిపి తీయించండి. చాలా పాత తలుపులు ఇనుప బందులు లేకుండా, చెక్కలోనే మలచిన ములుకుల మీద పైనా కిందా గుంటల్లో తిరుగుతాయి. రెక్కలను విడిగా అమ్మితే ఆ గుంటలున్న కమ్ములు కట్టెల పొయ్యిలోకి పోతాయి. వానాకాలంలో బిగుసుకుందని వడ్రంగి అంచు చిత్రిక పట్టబోతే ఆపండి. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవున దాదాపు ఉబ్బదు. వేసవి రాగానే తిరిగి సర్దుకుంటుంది, అప్పుడు చిత్రిక పట్టిన చోట సందు మిగిలిపోతుంది. మరొక మాట: ఇంటి రంగుల్లో సీసమనే విష లోహాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) పరిమితం చేసే నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గాని అమల్లోకి రాలేదు. అందుకే పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దించవద్దు. తడిపి తీయించండి, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచండి.

ఇక గుత్తి. వెనకటి ఇళ్లలో తాళాల గుత్తి ఎవరి బొడ్డున ఉంటే ఇంటి పెత్తనం వారిది. అత్తగారు దాన్ని కోడలి చేతికి ఇవ్వడం చిన్న విషయం కాదు, కొన్ని ఇళ్లలో ఆ రోజు కోసం కోడళ్లు ఇరవై ఏళ్లు ఎదురుచూశారు. భోషాణాలకు, ధాన్యపు కొట్టుకు, పాత బీరువాలకు ఒక్కొక్క చెవినీ పెట్టి చూడండి. దేనికీ పట్టనివాటిని పారేయకుండా, కొత్త ఇంటి తాళంచెవిని కూడా అదే గుత్తికి వేసి, గృహప్రవేశం నాడు అత్తగారి చేతనే తీయించండి. గడప గురించిన గొడవ అక్కడికి చాలా వరకు చల్లారుతుంది.

ప్రశ్న: తాతగారి ఇత్తడి తాళం కప్ప బిగుసుకుపోయింది. కొబ్బరినూనె పోస్తే ఇంకా మొరాయిస్తోంది.
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, దుమ్మును పట్టి జిగురవుతుంది. కిరసనాయిలుతో లోపల కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిలు ముల్లును మెత్తగా పొడి చేసి చెవి పళ్లకు పూసి నాలుగైదుసార్లు తిప్పండి. చెవి కొన గొట్టంలా బోలుగా ఉంటే, తాళం లోపలి చీల దానిలోకి దూరాలి; ఆ గొట్టంలో చేరిన మట్టిని గుండుసూదితో తీస్తే చాలాసార్లు అంతటితోనే పని అయిపోతుంది. బలం మాత్రం ఉపయోగించకండి, విరిగిన పాత చెవికి జోడు దొరకదు. మెరుపు కోసం వారం వారం చింతపండుతో తోమవద్దు. దానిలోని పులుపు పైపొరను తినేస్తుంది. "తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని" అన్న సామెత ఎందుకు పుట్టిందో మీ తాళం కప్పను చూస్తే తెలుస్తుంది: కప్ప ఎంత గట్టిదైనా అది గొళ్లేన్నే పట్టుకోవాలి.

ప్రశ్న: మా పాత ఇంట్లో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా అన్నీ ఒకే వరుసలో ఎందుకున్నాయి? ఇది శాస్త్రమా? మధ్య గుమ్మానికి అడ్డంగా మేం బీరువా పెట్టాం.
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: శాస్త్రం సంగతి అలా ఉంచితే, పక్క గోడలు ఇరుగుపొరుగుతో కలిసిన వరస ఇళ్లకు గాలి, వెలుతురు రావడానికి ముందూ వెనకే దారి. గుమ్మాలు ఎదురెదురుగా ఉంటే గాలి దూసుకుపోతుంది. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకేది కూడా ద్వారాల వరుసలో ఏ అడ్డూ లేనందువల్లనే. మీరు మధ్య గుమ్మానికి అడ్డంగా బీరువా పెట్టామని రాశారు. ఎండలు ముదిరేలోగా దాన్ని పక్కకు జరపండి.