మెగ్నీషియం తక్కువ ఉంటే బ్రెయిన్ హెమరేజ్ నుంచి కోలుకోవడం కష్టమా?

మీ నాన్నగారికి మెదడులో రక్తస్రావమైందని, రిపోర్టులో మెగ్నీషియం 1.5 వచ్చిందని, మాత్రలు వేస్తే త్వరగా కోలుకుంటారా అని అడిగారు. మా అమ్మకూ ఇలాగే జరిగింది. ఆవిడ రిపోర్టులో 1.4 పక్కన ఎర్ర గీత చూసి మాకూ చాలా టెన్షన్ పట్టుకుంది.

మామూలుగా రక్తంలో మెగ్నీషియం డెసిలీటరుకు దాదాపు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. రక్తం గడ్డకట్టడంలో మెగ్నీషియానికి పాత్ర ఉంది. ఆసుపత్రిలో చేరేసరికే అది తక్కువగా ఉన్నవాళ్లలో మెదడులో కారి పేరుకున్న రక్తపు గడ్డ పెద్దదిగా ఉండటం, కోలుకోవడం అంత బాగా లేకపోవడం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. అలాగని మెగ్నీషియం ఎక్కిస్తే అందరూ బాగుపడతారని కాదు. 2015లో వెలువడిన ఫాస్ట్-మ్యాగ్ అధ్యయనంలో 1,700 మందికి స్ట్రోక్ లక్షణాలు మొదలైన రెండు గంటల్లోపే, అంబులెన్సులోనే మందు మొదలుపెట్టారు. సగం మందికి మెగ్నీషియం, మిగతావాళ్లకు ఉత్త సెలైన్. వాళ్లలో రక్తస్రావమైనవాళ్లూ ఉన్నారు. మూడు నెలల తర్వాత చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు.

మరి తక్కువుంటే వదిలేయాలా? వద్దు. లోటును సరిచేయాల్సిందే. అమ్మకు పొటాషియం ఎంత ఎక్కించినా పెరగలేదు, మెగ్నీషియం సర్దుకున్నాకే నిలబడింది. గుండె లయ తప్పకుండా, ఫిట్స్ రాకుండా ఉండటానికీ అది కావాలి. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించారు. మధ్యమధ్యలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి చూసేవారు. మెగ్నీషియం మరీ ఎక్కువైతే ఆ కాలి కుదుపు పోతుందట, ఇంకా పెరిగితే ఊపిరికే ప్రమాదం. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ భయం మరీ ఎక్కువ. అందుకే దయచేసి సొంతంగా మాత్రలు కొనకండి. పైగా మింగడం ఎలా ఉందో పరీక్షించకముందు నోట్లో ఏదీ వేయకూడదు.

అమ్మ విషయంలో నేను గట్టిగా నమ్మేది బీపీ అదుపునూ ఫిజియోథెరపీనీ. మెగ్నీషియం మామూలుకొచ్చాక కూడా కుడి చెయ్యి చాలా రోజులు అలాగే ఉండిపోయింది. రోజూ వేళ్లు ఒక్కొక్కటే సాగదీయించగా, ముందు బొటనవేలు కదిలింది.

అసలు ఎందుకు తగ్గిందో కూడా అడగండి. అసిడిటీకి ఏళ్ల తరబడి వాడే ఒమెప్రజోల్ లాంటి మందులు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు, షుగరు, మద్యం, విరేచనాలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నాన్నగారు ఇంట్లో వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి రౌండ్స్‌కు వచ్చే డాక్టరుకు చూపించండి.