తూకం మాట పక్కన పెట్టు బిడ్డా

బిడ్డా,

మొన్న నువ్వు ఫోన్‌లో ఏడ్చిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. స్కూల్లో పిల్లలందరి బరువు చూసి కార్డు పంపారని, పాపకు 12 ఏళ్లకే 62 కిలోలు ఉందని, అది చూసి అల్లుడు "రేపటి నుంచి దీనికి రాత్రి అన్నం బంద్" అన్నాడని, పాప తలుపేసుకుని పడుకుందని చెప్పావు. పక్కన పాప వింటుందేమోనని అప్పుడు నేనేమీ మాట్లాడలేదు. అందుకే రాస్తున్నాను. మీరిద్దరూ చదవండి. పాప కంట పడనీయకండి.

నా కొడుకు, మీ అన్న, చిన్నప్పుడు ఎంత లావుగా ఉండేవాడో నీకు గుర్తుండదు. పసివాడుగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే, వాడికి నయమైతే ఎత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. ఆ మొక్కు తీర్చడానికి నాకు 1998 జాతర దాకా కుదరలేదు. అప్పటికి వాడికి 11 ఏళ్లు. మేడారం బయల్దేరే ముందు రోజు మా వాడకట్టులోనే బెల్లం దుకాణం ముందు తరాజులో కూర్చోబెట్టాం. ఒక పక్క వాడు, ఇంకో పక్క బెల్లం ముద్దలు. ముద్ద మీద ముద్ద పెడుతున్నా వాడి పక్క పైకి లేవడం లేదు. చుట్టూ జనం చేరారు. "దుకాణం ఖాళీ చేస్తడు పో" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను బిడ్డా. వాడు తలెత్తి నా మొహం చూశాడు, ఆపుతానేమోనని. నేను ఆపలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు బీరువా వెనక ఊడుస్తుంటే బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు గుప్పెడు బయటపడ్డాయి. అప్పటికే మేము వాడి కంచంలో అన్నం తగ్గించాం. చెల్లెలికి పెట్టిన లడ్డూ వాడికి పెట్టలేదు. ఎదురుగా పెట్టనిది వాడు చాటుగా తిన్నాడు, అదీ గబగబా, ఎవరైనా వస్తారేమోనన్న భయంతో. ఏడాది తిరిగేసరికి ఇంకా బరువు పెరిగాడు. అందుకే అల్లుడితో చెప్పు, రాత్రి అన్నం బంద్ చేయడం అనే మాట ఇంట్లో మళ్లీ రావద్దు.

ముందుగా ఒకసారి పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. పెద్దవాళ్లకు చూసే లెక్క పిల్లలకు సరిపోదు. వయసు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లాడా అన్నది చూసి, ఎదుగుదల చార్టు మీద గుర్తు పెట్టి చెప్పాలి. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2015లో 5 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం అలాంటి చార్టులు ఇచ్చింది. పైగా పెద్దమనిషి అయ్యే వయసులో ఆడపిల్లలకు ఒళ్లు కొంత రావడం సహజం. అందులో ఎంత సహజమో, ఎంత ఎక్కువో ఆ చార్టును బట్టి తెలుస్తుంది. నువ్వు థైరాయిడ్ అని టెన్షన్ పడుతున్నావు. పాప వయసుకు తగ్గట్టు ఎత్తు పెరుగుతూ ఉంటే అలాంటి హార్మోన్ కారణం ఉండటం అరుదు. ఏ పరీక్షలు కావాలో డాక్టరే చెబుతారు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా అవుతోందా, నిద్రలో గట్టిగా గురక పెడుతోందా, మోకాళ్లు, తుంటి నొప్పి అంటోందా, దాహం ఎక్కువైందా అన్నది నువ్వు గమనించి డాక్టర్‌కు చెప్పు. బరువు చూసేటప్పుడు అంకె పైకి చదవొద్దని ముందే అడుగు.

అప్పట్లో మాకు డాక్టర్ చెప్పిన ఒక మాట నా గుండె మీద బరువు దించింది. ఎదిగే పిల్లలకు చాలాసార్లు కిలోలు తగ్గాల్సిన పనే ఉండదు, ఉన్న బరువు అలాగే నిలబడితే ఎత్తు పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది అన్నారు. పెద్దవాళ్లలా నెలకు ఇన్ని కిలోలని పాపకు లెక్క పెట్టకు. బరువు తగ్గించే పొడులు, కషాయాలు ఎవరు తెచ్చిచ్చినా తీసుకోకు.

ఇక ఇంటి సంగతి. తమ్ముడు సన్నగా ఉన్నాడని వాడికి చిప్స్ ప్యాకెట్, పాపకు కీర ముక్కలు పెడుతున్నానని నువ్వే చెప్పావు. పాపకు అది శిక్షలాగా ఉంటుంది బిడ్డా. సన్నగా ఉన్నంత మాత్రాన వాడికి చిప్స్ మంచివైపోవు. ఇంట్లోకి తెస్తే నలుగురికీ, మానితే నలుగురికీ. అల్లుడు రాత్రి భోజనం తర్వాత ఫ్రిజ్‌లోంచి కూల్‌డ్రింక్ తీస్తాడు కదా, ముందు అది ఆపమను. 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. పాలల్లో కలిపే పొడి డబ్బా వెనక కూడా ఒకసారి చదువు.

పాప సాయంత్రం బడి నుంచి ఆకలితో వస్తుంది. ట్యూషన్‌కు వెళ్లే దారిలో బండి మీద మిర్చీలు, నూడుల్స్ తింటుంది. తప్పు ఆకలిది. ఇంటికి రాగానే చేతికి అందేలా ఏదైనా ఉంచు. శెనగ గుడాలో, బొబ్బెర గుడాలో, ఉడకబెట్టిన పల్లీలో, కాలంలో మక్క కంకో, జామకాయో. అవి తిని గ్లాసెడు మజ్జిగ తాగితే బండి దగ్గర అంత ఆగాలనిపించదు. ఎప్పుడైనా మిర్చి తినాలనిపిస్తే తిననీ. పండుగకు సకినాలు, గారెలు మానొద్దు. కాకపోతే డబ్బాల నిండా చేసి నెల రోజులు ఇంట్లో పెట్టుకోవద్దు, పది ఇళ్లకు పంచు.

కంచం సంగతికొస్తే, మన ఇళ్లలో అన్నం గుట్టంత, కూర గరిటెడు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఒక్కరోజులో కుదరదు. ముందు కూర రెండు గరిటెలు చెయ్యి, పప్పు చిక్కగా చెయ్యి, గుడ్డు పెట్టు. వారంలో రెండు మూడు రాత్రులు అందరికీ జొన్నరొట్టెలు చెయ్యి. ఏం వండాలి, ఎన్నింటికి పెట్టాలి అన్నది నీ చేతిలో ఉంది. ఎంత తినాలో పాపకు వదిలెయ్యి. ఇంకాస్త అడిగితే ముఖం చిట్లించకుండా పెట్టు. టీవీ కట్టేసి, నలుగురూ కలిసి కూర్చోండి.

మీ అత్తమ్మతో గొడవ పడకు. ఆమె కొసరి కొసరి వడ్డించేది ప్రేమతోనే. కరువు చూసిన మనిషి, కడుపు మాడ్చడమంటే ఆమెకు భయం. "పాపను మీతోపాటు పొద్దున నడకకు తీసుకుపోండి అత్తమ్మా" అని ఒక పని అప్పజెప్పు. ఆ ప్రేమకు ఇంకో దారి దొరుకుతుంది.

ఆటల పీరియడ్‌లో పరుగెత్తమంటే పాప మూల నిలబడుతుందన్నావు. మీ అన్న కూడా అంతే. జిమ్‌లో చేర్పించకు, పొద్దున్నే అరిచి లేపకు. మీ పెద్దబాపు రోజూ సాయంత్రం వాణ్ని వడ్డేపల్లి చెరువు కట్టకు తీసుకెళ్లేవాడు. బరువు ఊసే ఎత్తేవాడు కాదు, క్రికెట్ మాట్లాడుకునేవాళ్లు. తర్వాత వాడే సైకిల్ కావాలన్నాడు. మీకు దగ్గర్లో మానేరు డ్యాం కట్ట ఉంది. పాపకు డాన్స్ ఇష్టమైతే తలుపేసుకుని పాటలు పెట్టుకుని ఆడినా మంచిదే. ఆ వయసు వాళ్లకు రోజుకు గంట ఒళ్లు కదలాలి, ఒకేసారి కానక్కర్లేదు, ముక్కలు ముక్కలుగా అయినా చాలు. నిద్ర తొమ్మిది గంటలకు తగ్గనీయకు. రాత్రి అందరి ఫోన్లూ హాల్లోనే ఉండాలి, నీదీ అల్లుడిదీ కూడా.

చుట్టాల నోళ్లు మూయించడం మాత్రం నీ పనే. పెళ్లిలో ఎవరైనా "ఏ దుకాణం బియ్యం తింటున్నవే" అంటే నవ్వి ఊరుకోకు. "మా పాప ఒడ్డూ పొడుగూ మాటలొద్దు వదినా, చదువెట్లుందో అడుగు" అని అక్కడే చెప్పు, పాప వినేటట్టు చెప్పు. బడిలో ఏ పేరు పెట్టి పిలుస్తున్నారో మెల్లగా కనుక్కో. చెప్పగానే స్కూల్ మీదికి పోకు, ముందు చివరిదాకా విను. తర్వాత క్లాస్ టీచర్‌తో విడిగా మాట్లాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, లావుగా ఉన్న పిల్లలు తమను ఎవరైనా ఏడిపిస్తే నవ్వుతున్నట్టు నటిస్తారు. ఆ నవ్వును నమ్మకు.

మీ అన్న ఇప్పటికీ సన్నగా లేడు, నీకు తెలుసు. మన వైపు ఒళ్లు తీరే అంత. కానీ బీపీ, షుగర్ లేవు, రోజూ నడుస్తాడు, ఇంట్లో అందరితో కూర్చుని కడుపునిండా తింటాడు. ఆ తరాజు సంగతి మాత్రం 20 ఏళ్ల తర్వాత ఒకసారి అడిగాడు, "నువ్వెందుకు నవ్వినవమ్మా" అని. నా దగ్గర జవాబు లేదు. తప్పయింది అని చెప్పాను.

నిరుడు బతుకమ్మకు పాప ఆడలేదు. లంగా ఓణీ పట్టడం లేదని లోపలే కూర్చుంది. "తగ్గినాక కొత్తది కుట్టిద్దాం" అని నువ్వనడం నేను విన్నాను. ఈసారి అట్లా చేయకు. దసరా సెలవులు ఇవ్వగానే పాపను హన్మకొండకు పంపు. ఇప్పుడున్న ఒంటికి సరిపోయేటట్టు, తనకు నచ్చిన రంగులో కుట్టిస్తాను. కొలతలు తీసే ఆమె ఇంటికే వస్తుంది, పైకి చదవొద్దని నేను చెబుతాను. సద్దుల రోజున ఇద్దరం కలిసి ఆడతాం.

ఇట్లు
మీ పెద్దమ్మ
హన్మకొండ