డాష్‌బోర్డుకు 2,600 డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బి, ఇంట్లో నాదొక్కడిదే జీతం. పోయినేడాది 2006 మోడల్ క్లాస్ సీ మోటర్‌హోమ్ (వ్యాన్ ముందు భాగానికి వెనుక ఇల్లు అమర్చిన బండి), ఫోర్డ్ ఈ-450 ఛాసిస్‌ది, మొత్తం డబ్బు కట్టి కొన్నాం. ఇంజిన్ బాగుంది. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మాత్రం ఎండకు వెలిసిపోయింది. మీటర్ల చుట్టూ ఉండే ప్యానెల్ పగిలింది. రెండు సీట్ల మధ్య ఉండే ఇంజిన్ కవర్ నిండా గీతలే. జూన్‌లో గుంటూరు నుంచి అమ్మా నాన్నా వస్తున్నారు, వాళ్లని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకు తీసుకెళ్లాలని ఉంది. అన్నీ విప్పి బాగుచేసి రంగు వేయడానికి షాపువాళ్లు 2,600 డాలర్లు అడుగుతున్నారు. వాళ్ల కార్డు తీసుకుంటే పన్నెండు నెలలు వడ్డీ ఉండదట. బ్యాంకులో 11,000 డాలర్లున్నాయి. నెల ఖర్చు 5,500, నెలకు 900 దాకా మిగులుతుంది. కార్డు తీసుకోవాలా, సేవింగ్స్‌లోంచి తీయాలా, 401కె రిటైర్మెంట్ ఖాతా మీద లోన్ పెట్టాలా?

జవాబు: మూడూ వద్దండి. డాష్‌బోర్డు బాగుచేసుకోండి, కానీ 250 డాలర్లు దాటకుండా, మీ చేతులతోనే. మిగతా డబ్బుకు అంతకన్నా అవసరమైన పనులున్నాయి.

ముందు మీ 11,000 సంగతి. అది సరిగ్గా రెండు నెలల ఖర్చు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. ఆ రెండు నెలలూ అద్దె, తిండి, కారు ఇన్సూరెన్స్ ఆగవు. ఇంటికి తిరిగి వెళ్లాల్సి వస్తే టికెట్ల ఖర్చు వేరే. ఇందులోంచి 2,600 తీస్తే మీకు మిగిలేది నెలన్నర ఖర్చు. ఒంటి జీతం ఇంటికి ఇది చాలదు. మీ నెలనెలా మిగులుతో ఈ నిధిని ముందు 22,000 దాకా, అంటే నాలుగు నెలల ఖర్చు దాకా పెంచమంటాను. ఏడాది పైనే పడుతుంది, పడనివ్వండి.

షాపు కార్డు విషయంలో చాలామంది మోసపోయేది ఒక్క మాట దగ్గర. ఇలాంటి ఆఫర్లలో వడ్డీ చాలావరకు మాఫీ కాదు, వాయిదా పడుతుందంతే. పన్నెండో నెల చివరికి కొంచెం బాకీ మిగిలినా, మొదటి రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ మొత్తం ఒకేసారి మీ మీద పడుతుంది. ఈ కార్డుల రేటు 25 శాతం పైనే ఉండటం మామూలు, కాబట్టి ఆ దెబ్బ నాలుగైదు వందల డాలర్లు ఉండొచ్చు. బిల్లులో కనిపించే మినిమమ్ పేమెంట్ కడుతూ పోతే ఏడాదిలో బాకీ తీరదు. తీరాలంటే నెలకు 217 కట్టాలి. ఒప్పందంలో 'డిఫర్డ్ ఇంటరెస్ట్' అన్న మాట ఉందేమో చూడండి. మామూలు క్రెడిట్ కార్డు మీద పెట్టినా లాభం లేదు. 22 శాతం వడ్డీకి నెలకు వంద చొప్పున కడితే మూడేళ్లు పడుతుంది, వడ్డీయే 960 డాలర్లు దాటుతుంది.

401కె లోన్ చూడటానికి చవకే, మన వడ్డీ మన ఖాతాకే వస్తుంది కదా అనిపిస్తుంది. ఉద్యోగం పోతేనే అసలు టెన్షన్. మిగిలిన బాకీని ఆ సంవత్సరపు టాక్స్ రిటర్న్ గడువులోగా సర్దకపోతే అది ఆదాయం కింద లెక్క. 59 ఏళ్ల ఆరు నెలలు నిండనివాళ్లకు దానిపై 10 శాతం పెనాల్టీ కూడా. వీసా, జీతం, అప్పు మూడూ ఒకే ఉద్యోగానికి కట్టేయకండి.

ఇక డాష్‌బోర్డు. మీది క్లాస్ సీ కావడం మీకు కలిసొచ్చింది. బస్సులా ఉండే క్లాస్ ఏ బళ్లలో డాష్‌బోర్డు చాలావరకు మోటర్‌హోమ్ తయారుచేసిన కంపెనీ సొంతంగా అమర్చింది, ఆ కంపెనీ మూతపడితే ముక్క దొరకడం కష్టం. మీ బండి ముందు భాగం ఫోర్డ్ వ్యాన్‌దే. ఆ వ్యాన్లు లక్షల్లో అమ్ముడయ్యాయి, స్క్రాప్ యార్డుల్లో ఇప్పటికీ ఉంటాయి. పగిలిన ప్యానెల్ వెనుక ఉన్న పార్ట్ నంబరు రాసుకుని ముందు అక్కడ వెతకండి. పగలని ముక్క కొద్ది డబ్బుకే దొరికితే అతుకుల పనే తప్పుతుంది.

దొరక్కపోతే అతికించొచ్చు. ప్యానెల్‌ని చలిలో లాగకండి, పాత క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి. బండిని కాసేపు ఎండలో ఉంచి, ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపండి. వెనుక అది ఏ రకం ప్లాస్టిక్కో, ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు ఉంటుంది. లేకపోతే విరిగిన చిన్న ముక్కను నీళ్లలో వేయండి: సాధారణంగా పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. ఏబీఎస్ అయితే ప్లాస్టిక్ ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. పీపీకి ప్రత్యేకమైన జిగురు కావాలి. పగులు ఇంకా సాగకుండా దాని చివర సన్నని రంధ్రం వేసి, వెనుక వైపు ఫైబర్‌గ్లాస్ జాలీ పెట్టి ఎపాక్సీ పూయండి.

రంగు పెచ్చులూడేది ఎక్కువగా శుభ్రం చేయడంలో తొందరపడినప్పుడే. పాత ఓనర్ ఏళ్ల తరబడి డాష్‌బోర్డు మెరుపు కోసం పూసిన సిలికాన్ పాలిష్ ప్లాస్టిక్ రంధ్రాల్లో ఉండిపోతుంది. దాని మీద రంగు కొడితే చిన్న చిన్న గుంటలు పడి విడిపోతుంది. గిన్నెలు కడిగే సబ్బుతో రుద్ది కడిగి, ఆరాక సిలికాన్‌ను తీసే క్లీనర్‌తో తుడిచి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తెల్ల గుడ్డకు మురికి అంటకుండా వచ్చేదాకా ఆపకండి. తర్వాత 320 నంబరు ఉప్పు కాగితంతో లైట్‌గా రుద్ది, రంగు పట్టుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ కొట్టి, ప్లాస్టిక్, వినైల్ కోసం అమ్మే రంగును పల్చగా మూడు నాలుగు కోట్లు వేయండి. మెరిసే రంగు వద్దు, ముందు అద్దంలో దాని ప్రతిబింబం పడి రోడ్డు కనిపించదు. మ్యాట్ తీసుకోండి. గ్యారేజీ తలుపు తెరిచి, ఆవిరిని ఆపే మాస్క్ పెట్టుకునే చేయండి. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి, ఎయిర్‌బ్యాగ్ మూత మీద రంగు గానీ ఎపాక్సీ గానీ వేయకండి. రంగు డబ్బాలు, క్లీనర్, కాగితాలు, మాస్క్ అన్నీ కలిపి 150 లోపు రావాలి. స్క్రాప్ యార్డుకు ఇంకో వంద. డాలస్ ఎండలు ముదరకముందే ఏప్రిల్‌లో పెట్టుకోండి. పని అయ్యాక ముందు అద్దానికి ఎండ తెర కొనండి, లేకపోతే కొత్త రంగూ వెలుస్తుంది.

రేపు బండి అమ్మినా ఆ 2,600 తిరిగి రాదు. ఇరవై ఏళ్ల మోటర్‌హోమ్ కొనేవాడు ముందు చూసేది పైకప్పు సీలు, నీటి కారుడు మరకలు, టైర్లు. మీరూ ముందు అవే చూడండి. టైరు పక్క గోడ మీద DOT (డాట్) అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైంది. ఆరేడేళ్లు దాటినవైతే, గాడి లోతుగానే ఉన్నా, అమ్మానాన్నల్ని ఎక్కించుకుని ఎల్లోస్టోన్ దాకా వెళ్లకండి. టైర్లు మార్చాల్సి వస్తే ప్రయాణానికి ముందు రెండు మూడు నెలల మిగులు దానికే పోనివ్వండి, నిధి పెంచడం ఆ తర్వాత మొదలుపెట్టండి.

మీ ఉత్తరంలో అమ్మానాన్నల విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ మాట లేదు. తీసుకోకపోతే వెంటనే తీసుకోండి. చవగ్గా దొరికే ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలు ఒక్కో చికిత్సకు ఇంతేనని పరిమితి పెడతాయి. ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉంటేనే మిగతా బిల్లు మీ నెత్తిన పడొచ్చు. కాంప్రహెన్సివ్ పాలసీ తీసుకుని, బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు ఒక్కసారిగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో ఆ పేరా మాత్రం మీరే స్వయంగా చదవండి.