పన్నెండు వేల సరుకు కొనే ముందు

ప్రశ్న: మాది చిత్తూరు. తిరుపతిలో హాస్టల్లో ఉండి బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. నాన్నది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. ఈసారి సీజన్ సరిగా నడవక ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంది. తెలిసిన అక్క ఒకామె కాస్మెటిక్స్ డైరెక్ట్ సెల్లింగ్‌లో, అంటే దుకాణం లేకుండా కంపెనీ సరుకును మనమే తెలిసినవాళ్లకు అమ్మే పనిలో, చేరమంటోంది. ముందు పన్నెండు వేల సరుకు కొనాలట. చదువు ఆపేసి ఇందులో దిగనా?

జవాబు: అమ్మా, చదువు ఆపొద్దు. ఆ పన్నెండు వేలూ కట్టొద్దు.

కష్టకాలంలో కూడా ఆడవాళ్లు లిప్‌స్టిక్ మానరని ఆ అక్క చెప్పే ఉంటుంది. కొంత నిజమే. పట్టుచీర వాయిదా వేసుకున్నామె రెండొందల లిప్‌స్టిక్ కొనుక్కుంటుంది. కానీ చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనే అమ్మడానికి దిగేవాళ్లూ పెరుగుతారు. మీ హాస్టల్లో ఇప్పటికే ఎన్ని గదుల్లో కేటలాగులు ఉన్నాయో చూడు.

లెక్క వేద్దాం. మార్జిన్ 20 శాతం అనుకో. 400 రూపాయల క్రీము మీద నీకు 80. నెలకు 4,000 మిగలాలంటే 50 క్రీములు అమ్మాలి. ఒక క్రీము రెండు, మూడు నెలలు వస్తుంది. అంటే మళ్లీ మళ్లీ నీ దగ్గరే కొనేవాళ్లు 100 నుంచి 150 మంది కావాలి. బస్సు చార్జీలు, ఎగ్గొట్టిన అరువులు ఇంకా తీయలేదు.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి నోట్‌బుక్ తెరిచి చూపించింది. ‘ఒకటో తారీఖు ఇస్తా’ అన్నవాళ్ల పేర్లే రెండు పేజీలు. అందరూ బంధువులు, పక్కింటివాళ్లు. గట్టిగా అడగనూ లేక, వదులుకోనూ లేక నలిగిపోయింది. మంచం కింద అట్టపెట్టెలో డేటు దాటిన ఫేస్‌క్రీములు. ఆ టెన్షన్‌లో సెమిస్టర్ పరీక్షలు కూడా పోగొట్టుకుంది.

మనుషుల్ని చేర్పించినందుకు డబ్బిచ్చే పిరమిడ్ పద్ధతిని 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. చేరాక మనసు మారితే జరిమానా లేకుండా ఒప్పందం రద్దు చేసుకునే గడువు కూడా ఉండాలి. అది ఎన్ని రోజులో కాగితం మీద చదువుకో. మోసం అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్.

అమ్మాలనే ఉంటే శని, ఆదివారాలు చెయ్. ముందు ఆర్డరు, డబ్బు చేతికి, ఆ తర్వాతే సరుకు. అరువు వద్దు. దాంతోపాటు ట్యాలీ (కంప్యూటర్లో వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ పని నేర్చుకో. తిరుపతిలో ఇన్ని లాడ్జీలు, హోటళ్లు, దుకాణాలు ఉన్నాయి, లెక్కలు రాసే మనిషి వాళ్లకు ఏడాది పొడవునా కావాలి.

ఇక ఆ అక్కను అడుగు: పోయిన నెల సరుకు అమ్మితే ఎంత వచ్చింది, మనుషుల్ని చేర్పిస్తే ఎంత వచ్చింది? పుస్తకం చూపిస్తే, ఆ రెండు అంకెలూ రాసుకుని నాకు పంపు. కలిసి చూద్దాం.